అరవై రెండు శాతం

ఆకివీడులో కిస్తీల మీద కొన్న ఫోను.
డబ్బా విప్పేసరికే లోపల జనం.
నేనెవర్నీ పిలవలేదు.

ఒకడు పేకముక్కలు కలుపుతున్నాడు.
ఒకడు నా రాశి చెబుతానంటాడు.
నా పుట్టిన తేదీ మా అమ్మకే తెలీదండి,
పెద్ద తుఫాను వెళ్ళిన మూడో నెల, అంతే.
ఒకడు అర్ధరాత్రి గంట కొట్టి
ఐదు నిమిషాల్లో అప్పు అంటాడు.
ఇదివరకు ఆ మాటన్నవాడు
గట్టు మీద నడిచి వచ్చేవాడు,
కనీసం మంచినీళ్ళైనా అడిగేవాడు.

ఇక్కడ, కాళ్ళకూరు దాటాక,
ఎనిమిదెకరాల రొయ్యల చెరువు పక్కన
రేకుల షెడ్డులో ఒక్కటే ప్లగ్గు.
అది మోటారుది.
ఫోను పగలు తిన్నదాంతోనే రాత్రి గడపాలి.
మూడు దాటితే నీళ్ళలో డీవో పడిపోతుంది.
కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
జనరేటరు తాళం ఉన్న తాతాజీకి
ఒక్క ఫోను కొట్టాలి.
ఒక్కటే.
ఆ వేళకి దీంట్లో అంత ఊపిరి ఉండట్లేదు.

క్యారేజీ పట్టుకొచ్చిన మా అక్క కూతురు షారోను
ఫోను అటూ ఇటూ తిప్పి నవ్వింది.
"మావయ్యా, ఇవి కనపడకుండా కూర్చుని తినేస్తున్నాయి."

పాలిటెక్నిక్ చదవకపోయినా నాకర్థమైంది.
పగలంతా పచ్చగా, మంచిగా ఉండే నాచు
చీకటి పడ్డాక అదే నీళ్ళలో అదే గాలి పీల్చి
తెల్లారేసరికి రొయ్యని తేల్చేస్తుంది.
చప్పుడుండదు.

"తీసెయ్ మరి."
"తీయడం కుదరదు, కంపెనీ పెట్టి పంపినవి.
పడుకోబెట్టగలం, అంతే."

సెట్టింగులు. యాప్‌లు. వేలితో లాగుతుంటే
పంచాయితీ గోడ మీద ఓటర్ల జాబితా అంత పొడవు.
పేకముక్కలవాడు, డిజేబుల్.
రాశిఫలం, డిజేబుల్.
అప్పులవాడి దగ్గర ఫోను బెదిరించింది:
దీన్ని ఆపితే మిగతావి సరిగా పనిచేయకపోవచ్చు.
జీతం పెంచమన్నప్పుడు బాపిరాజు గారూ
ఇంచుమించు ఇదే అన్నారు.
నొక్కేశాను.

షారోను వెళ్ళాక కూడా చెయ్యి ఆగలేదు.
పేరు తెలీనివి, ఇంగ్లీషువి, గుండ్రంగా ఉన్నవి
ఎడాపెడా పడుకోబెట్టాను.
అందులో గడియారం కూడా ఉందట.

మూడింటికి అలారం మోగలేదు.

మోగకపోయినా లేచాను.
ఏం లేపిందో చెప్పలేను.
ఏరేటర్ల హోరు ఆగాక వచ్చే నిశ్శబ్దం
చెవిలో నీళ్ళు పోయినట్టుంటుంది.
ఒక కప్ప అరిచింది. తర్వాత అదీ లేదు.
టార్చి కొడితే గట్టు వారన ఎర్రటి చుక్కలు,
వందలు, వందల కళ్ళు, పైపైకి.

ఫోను తీశాను.
అరవై రెండు శాతం.
దాన్ని అలా చూస్తూ ఒక క్షణం పోగొట్టాను కూడా.
తాతాజీ రెండో రింగుకే ఎత్తాడు.
జనరేటరు దగ్గి, దగ్గి, పట్టుకుంది.

తెల్లారింది.
బాపిరాజు గారి బుల్లెట్టు ఇంకా వంతెన దగ్గరే ఉంది,
నా చెయ్యి అప్పుడే భుజం మీది తువ్వాలు తీసేసింది.
ఆయన బండి ఆపనేలేదు,
నోరు "ఆయ్" అనేసింది.

ఇది నేను పెట్టుకున్నది కాదు.
మా నాన్నకీ ఇలాగే వచ్చింది, డబ్బాతో పాటే.

ఆయన నీళ్ళలో వేలు ముంచి, వాసన చూసి,
"రాత్రి మేలుకునే ఉన్నావన్నమాట" అని వెళ్ళిపోయారు.
షారోనుకి ఫోను చేశాను,
గడియారాన్ని మళ్ళీ ఎలా లేపాలో చెప్పమని.
"అది లేకపోయినా లేచావుగా?"
"లేచాన్లే. నువ్వు చెప్పు."

మర్నాడు ఆ చప్పుడు వంతెన ఎక్కేసరికి
మేత బస్తా విప్పుతున్నాను.
రెండు చేతులూ మోచేతుల దాకా
మేతలోనే ఉంచాను.
తువ్వాలు భుజం మీదే ఉంది.
నోరు మాత్రం
ఆయ్ అంది.